నామము క్రియయగు విధము: కొంటా సరిహద్దున ఒక పరిశీలన



ఇంగ్లీషున 'టేబుల్' అనగా బల్ల. ఆ బల్లయే క్రియయై, ఒక కాగితమును సభవారి ముందుంచుట యను అర్థమున చిరకాలముగా వాడుకలో నున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు సేనానులును అమెరికను సేనానులును కలిసి కూర్చుండి ఆలోచించుచుండగా ఈ మాటపై పెద్ద చిక్కు వచ్చెను. ఒక పత్రము మిక్కిలి అవసరమైనది గావున వెంటనే దానిని 'టేబుల్' చేయవలెనని బ్రిటిషువారు కోరిరి. అమెరికావారి వాడుకలో ఆ క్రియకు చర్చను ఆపి మూలబెట్టుట యని అర్థము. అంత ముఖ్యమైన పత్రమును మూలబెట్టుట కూడదని వారు పట్టుపట్టిరి. ఇరుపక్షములవారును కోరినది ఒక్కటేయని తెలియుటకు చాలసేపు వాదము జరుగవలసి వచ్చెను. 1950లో వెలువడిన తన యుద్ధచరిత్ర మూడవ సంపుటమున చర్చిలు ఈ సంగతిని వ్రాసియున్నాడు.

బల్లకు తెలిసినదేమున్నది? దానిమీద పెట్టుటయా, పెట్టి మరచుటయా యన్నది బల్లలో లేదు. నామము క్రియ యగునపుడు దానితో ఏ పని కూడివచ్చునో వాడుక నిర్ణయించును. ఆ వాడుక తెలియనివానికి నష్టము కలుగును. ఈ ప్రసంగము ఆ నష్టమును గూర్చియే.

ఇంగ్లీషున నామములింత సులువుగా క్రియలగుటకు కారణము చరిత్రలో నున్నది. వేయి సంవత్సరముల క్రిందటి ఇంగ్లీషులో నామమునకొక తుదియు, క్రియకొక తుదియు ఉండెడివి. ప్రేమ యను నామము 'లుఫు'. ప్రేమించుట యను క్రియ 'లుఫియన్'. కాలక్రమమున ఆ తుదులరిగిపోయి రెండును 'లవ్' అయ్యెను. గుర్తు పోయిన పిదప నామమేదో, క్రియయేదో వాక్యమున ఉన్న చోటును బట్టియే తెలిసికొనవలసి వచ్చెను. అంతటితో దారి తెరపి యయ్యెను. ఇంటిలోని వస్తువులును, ఒంటిలోని అవయవములును వరుసగా క్రియలైనవి. మోచేతితో త్రోయుట 'ఎల్బో', భుజమున మోయుట 'షోల్డర్', చేతికందించుట 'హ్యాండ్'. వీనిలో 'డస్ట్' అను మాట మిక్కిలి చిత్రమైనది. కుర్చీమీది దుమ్ము తుడుచుటయు అదియే. పైరుమీద పొడి చల్లుటయు అదియే. తీయుటకును వేయుటకును ఒక్కటే మాట. తెలుగు ఇల్లాలు దుమ్ము దులుపును. తెలుగు రైతు పొడి చల్లును. ఇద్దరి పనియు వినినంతనే తెలియును.

ఇట్టి మాటలను ఇంగ్లీషువారిలోనే ఒప్పుకొననివారు లేకపోలేదు. అమెరికా దేశపు పెద్దలలో నొకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789 డిసెంబరులో నిఘంటుకర్తయైన నోవా వెబ్‌స్టరుకు ఉత్తరము వ్రాయుచు 'నోటీసు', 'అడ్వొకేటు', 'ప్రోగ్రెసు' అను నామములను క్రియలుగా వాడుచున్నారని నొచ్చుకొనెను. ఆ మూడును నేడు ఎవరికిని నొప్పి కలిగింపవు. అంతకు రెండు వందల యేండ్లు ముందే షేక్స్పియరు 'రెండవ రిచర్డు' నాటకమున పినతండ్రి యను మాటనే క్రియగా మార్చి, పినతండ్రిచేతనే కోపముగా పలికించెను. కవి చేసినపుడు చమత్కారము, గుమాస్తా చేసినపుడు అపరాధము అనుట న్యాయముగా తోచదు. బ్రిటిషు ఆర్థికశాఖవారి కోరికపై సర్ ఎర్నెస్టు గవర్సు ప్రభుత్వోద్యోగులకొరకు 1948లో 'ప్లెయిన్ వర్డ్స్' అను చిన్న పుస్తకము వ్రాసెను. సర్కారు కాగితము చదువువాడు సామాన్యుడను మాటను మరువరాదన్నదే ఆ పుస్తకమునకు ప్రాణము.

ఈ సభయందు ఆసీనులైనవారిలో పలువురు గెజిటెడు ఉద్యోగులు. ఆ బిరుదమును ఒకమారు విప్పి చూచిన బాగుండును. వెనిసు నగరమున ఒక చిన్న నాణెము పేరు గజెత. ఆ నాణెమునకు లభించు వార్తాపత్రమునకు ఆ పేరు వచ్చినదని నిఘంటుకారులు చెప్పుదురు. పత్రము పేరు ఇంగ్లీషున 'గెజెట్' అయ్యెను. తరువాత ఆ పత్రమున ప్రకటించుటకే 'గెజెట్' అను క్రియ పుట్టెను. ఆ క్రియకు 'డు' చేరి విశేషణమయ్యెను. తెలుగువారి చెవికి ఆ 'డు' రాముడు, భీముడు అనువానిలోని 'డు' వలెనే వినబడుట మరియొక వేడుక. ఒక నాణెము పత్రమై, పత్రము క్రియయై, క్రియ మనుష్యుడైనది. బంధువులలో పెండ్లి సంబంధములు మాటలాడువేళ ఆ నాణెము విలువ నేటికిని కొంత పలుకుచునే యున్నది.

ఇక తెలుగు సంగతి. తెలుగునందును నామమును క్రియయు ఒక్క రూపముననే యున్న మాటలున్నవి. నవ్వు, తిట్టు, తుమ్ము, దగ్గు, కుట్టు, వెలుగు, పొంగు. పండు అనగా ఫలము. పండు అనగా పక్వమగుట. కాని క్రొత్తగా వచ్చిన నామమును ఉన్నదున్నట్లు క్రియ చేయుట తెలుగు పద్ధతి కాదు. గుర్తు పెట్టనిదే తెలుగు ఒప్పుకొనదు. ఆ గుర్తులలో పెద్దది 'ఇంచు'. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున క్రియకొక పరిచ్ఛేదమునే కేటాయించెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువులను గూర్చి పరిశోధించి 1961లో ఇంగ్లీషున వెలువరించిన గ్రంథము నేటికిని విద్వాంసులకు ఆధారము. పామరునకీ గ్రంథములతో పనిలేదు. ప్రేమ ప్రేమించు, పూజ పూజించు, గుర్తు గుర్తించు, చిగురు చిగురించు అని వాని నోట అదియంతట అదియే వచ్చును. లెక్కను సయితము తెలుగు విడువలేదు. ఇనుమడి, అనగా రెండింతలు, ఇనుమడించు అయినది.

'ఇంచు' గాక 'పడు', 'పెట్టు', 'ఆడు', 'కొట్టు', 'పోవు', 'చేయు', 'అగు' అను సహాయములున్నవి. వీనిలోనే తెలుగు సొగసు దాగియున్నది. ఆశ యను ఒక్క నామమును తీసికొనుడు. ఆశించువాడు తనకు రావలసినదానికై ఎదురుచూచును. ఆశపడువాడు రానిదానికి చేయి చాచును. ఆశపెట్టువాడు మరియొకడు, వాడు ఎన్నికలవేళ కనబడును. కష్టపడుటకును కష్టపెట్టుటకును నడుమ ఒక సంసారమంత దూరమున్నది. పూజ చేయుట పురోహితుని పని. పూజించుట మనసు పని. నిద్రించుట నాటకములలో జరుగును, ఇండ్లలో నిద్రపోవుటయే. ఈ భేదములను ఇంగ్లీషు క్రియ తన రూపమున చూపలేదు. చుట్టునున్న మాటలను అరువు తెచ్చుకొని చూపవలసి యుండును.

నామములనే గాక ధ్వనులను సయితము తెలుగు క్రియలలోనికి దింపెను. కథ చెప్పుచుండగా పిల్లలు 'ఊ' అందురు, అది ఊకొట్టుట. 'ఛీ' యనుట ఛీకొట్టుట. సభలో 'జై' యనుట జైకొట్టుట. ఈ కొట్టుటలో దెబ్బ లేదు, ధ్వనియే యున్నది. గుసగుస గుసగుసలాడుటయైనది, కిటకిట కిటకిటలాడుటయైనది. ఇంగ్లీషువాడు గూగుల్ అను సంస్థ పేరును క్రియగా మార్చగా, 2006లో ఆక్స్ఫర్డు నిఘంటువువారు దానికి చోటిచ్చిరి. అంతర్జాలమున తెలుగు వ్రాయువారు దానికి సరదాగా 'గూగులించు' అని తెలుగు గుర్తు తగిలించిరి. సరదా యన్నది మరువరాదు. నిజముగా పని పడినపుడు వారును 'గూగుల్ చేసి' చూతురు.

ఆ 'చేసి' యన్నది చిన్న మాట కాదు. తురుష్కుల పాలనలో పారసీకపు మాటలు కచేరీలలోనికి వచ్చినపుడు తెలుగు చేసిన పని అదియే. రద్దు చేయు, దాఖలు చేయు, జప్తు చేయు, మంజూరు చేయు, జారీ చేయు, వసూలు చేయు, హాజరగు. కచేరీలలో అట్లు నిలిచిన మాటలకై బ్రౌనుదొర 1852లో ప్రత్యేకముగా ఒక జిల్లా నిఘంటువునే కూర్పవలసి వచ్చెను. హిందూస్థానీ క్రియలు కొన్ని మాత్రము వేరు ద్వారమున వచ్చినవి. చలానా నుండి చలాయించు, దబానా నుండి దబాయించు, సతానా నుండి సతాయించు, ఉడానా నుండి ఉడాయించు, ఫిరానా నుండి ఫిరాయించు. ఇవి ఎంతగా తెలుగైపోయినవనగా, పార్టీ ఫిరాయింపు అను మాటలో హిందీ కలదని చెప్పిన నమ్మువారు తక్కువ. చెడ్డపనుల పేర్లే ఎక్కువగా ఈ దారిని వచ్చుట ఎందుచేతనో భాషావేత్తలు తేల్చవలసియున్నది.

ఇంగ్లీషు మాటలకు 'ఇంచు' దక్కలేదు. ఇచ్చటనే ఒక వింత గమనింపదగియున్నది. ఇంగ్లీషువాడు నామమును గుర్తు లేకయే క్రియ చేయుచున్నాడు. తెలుగువాడు ఇంగ్లీషు క్రియను తీసికొని, దాని క్రియాత్వమును ఊడ్చివేసి, నామమువలె కూర్చుండబెట్టి, ప్రక్కన తన 'చేయు'ను, 'అగు'ను నిలుపుచున్నాడు. డ్రైవు చేయుట, సస్పెండు చేయుట, రిటైరగుట. క్రియగా వచ్చినది అతనికి వట్టి సరకే. పని మాత్రము తెలుగు క్రియయే చేయవలెను. దీనిని కొందరు భాషాభ్రష్టత యందురు. అది సరికాదు. ఇంటి యజమాని అతిథికి పీట వేసినను తాళపుచెవి ఇవ్వలేదు, అంతే.

అర్థములు మాత్రము ఇంటికి వచ్చిన పిదప మారుచున్నవి. ఇంగ్లీషున 'ఫీల్' అనగా ఏ అనుభవమైనను కావచ్చును. తెలుగున ఫీలయినవాడు నొచ్చుకొన్నవాడే. 'అడ్జస్టు' అగువాడు గడియారము కాదు, రైలుబండిలో ముగ్గురి బల్లమీద నాలుగవవాడు.

ఈ సరకు రాకపోకలను ఒక్కచోట చూడదలచినవారు కొంటాకు పోవలెను. బస్తరు దక్షిణపు కొసన, శబరి నది యొడ్డున నున్న ఊరు కొంటా. పైన కోలాబు అనబడు ఆ నది ఇచ్చటికి శబరియై వచ్చి, దిగువన కూనవరము కడ గోదావరిలో కలియుచున్నది. నదికి ఆవల ఒడిశాలోని మల్కనగిరి జిల్లా. దక్షిణమున ఆంధ్రప్రదేశమునందలి చింతూరు. జగదల్పురమునుండి విజయవాడ వైపు వచ్చు జాతీయ రహదారి ఈ ఊరిమీదుగనే పోవును. బస్తరు సంస్థానము 1948లో భారతదేశమున విలీనమై మధ్యప్రదేశపు భాగమైనది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినది. 2012లో సుక్మా జిల్లా ఏర్పడగా కొంటా అందు చేరినది. సరిహద్దుకీవలనున్న చింతూరును ఖమ్మము జిల్లానుండి 2014లో ఆంధ్రప్రదేశమునకు చేరినది. ఊరు కదలక యుండగనే ఊరి చిరునామా ఇన్నిమారులు మారినది.

మాటలును ఇట్లే. అడవిపల్లెలలో దోర్లలు, కోయలు పలుకు భాష గోండీ కుటుంబమునకు చెందినది. 1906లో వెలువడిన గ్రియర్సను భాషా సర్వేక్షణపు నాలుగవ సంపుటమున కోయభాష గోండీ మాండలికముగా చూపబడినది. స్టీఫెను టైలరు 1969లో దానికొక వ్యాకరణము వెలువరించెను. గోండీ తెలుగునకు అన్యము కాదు. ద్రావిడ కుటుంబమున రెండును ఒకే శాఖకు చెందినవి. బస్తరంతటను నడుచు ఉమ్మడి భాష హల్బీ; అది ఆర్యభాష. కచేరీ హిందీలో నడుచును. దక్షిణపు వర్తకము తెలుగులో నడుచును. ఒక ఉదయమున ఒక్క మనుష్యుడే ఇంట కోయలో మేకను బేరమాడి, సంతలో తెలుగున ఉప్పు కొని, తహసీలు కచేరీలో హిందీలో నిలబడుట అచ్చట వింత కాదు.

హిందీయు తెలుగువలెనే చేయుచున్నది. దానికి 'కర్నా', 'హోనా' అను రెండు సహాయములున్నవి. మంజూర్ కర్నా, మంజూర్ హోనా. తనదైన గుర్తును కలదు: బాత్ నుండి బతియానా, అనగా ముచ్చటలాడుట, హాథ్ నుండి హథియానా, అనగా పరులది చేజిక్కించుకొనుట. ఇంగ్లీషు మాటలలో 'ఫిల్మ్' ఒక్కటి ఎట్లో ఫిల్మానా యయ్యెను. మిగిలినవెల్ల 'కర్నా' వెంట నడుచుచున్నవి. కావున కొంటాలో ఒక ఇంగ్లీషు మాట నడుమ నిలువగా, ఒక ప్రక్క 'చేయు', మరియొక ప్రక్క 'కర్నా' దానికి కాపు కాయుచున్నవి.

'బుక్' అను మాటను చూడుడు. ఇంగ్లీషున అది పుస్తకము. పుస్తకమున పేరు వ్రాయుటకు అదియే క్రియ యయ్యెను. బస్సు టికెట్టు బుక్ చేయుట దానినుండి వచ్చినది. పోలీసు ఠాణాలో కేసు బుక్ చేయుటయు దానినుండియే వచ్చినది. తెలుగు పట్టణములలో 'వాడు బుక్కయినాడు' అన్న చిక్కున పడెనని నవ్వుదురు. నీ పేరు బుక్ అయినది అని కొంటావంటి చోట ఒక అడవిపల్లెవానితో అన్నచో, అది బస్సులో సీటో, ఠాణాలో కేసో వాడెట్లు పోల్చుకొనును? చెప్పినవానికి సందేహము లేదు. వినినవానికి నవ్వు రాదు.

'రిజర్వు' చరిత్ర ఇంకను పొడవైనది. ఇంగ్లీషున నామమును అదియే, క్రియయు అదియే. 1878 అటవీ చట్టము అడవులను తరగతులుగా విడదీసి, వానిలో మొదటిదానికి రిజర్వుడు అడవి యని పేరు పెట్టెను. బస్తరులోని అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయవలెనని 1905లో ప్రతిపాదించిరి. పోడు వ్యవసాయమునకును, వేటకును, అడవి సరకు ఏరుకొనుటకును అడ్డు వచ్చుచున్నదన్న భయము పల్లెపల్లెకును ప్రాకెను. ఆ బాధలన్నియు కూడి 1910లో భూంకాల్ అను పెద్ద తిరుగుబాటయ్యెను. గుండాధూరు పేరు నేటికిని బస్తరులో పాటగా నిలిచియున్నది. ఇంగ్లీషు వ్యాకరణమునకు 'రిజర్వు' చేయుట ఒక నిమిషపు పని. దాని కర్మకారకమైన అడవిలో మనుష్యులుండిరి.

అదే మాట పిదప వేరొక ముఖమున తిరిగి వచ్చెను. నేడు కొంటా శాసనసభా నియోజకవర్గము షెడ్యూల్డు తెగలకు రిజర్వు చేయబడియున్నది. తాతల చేతినుండి అడవిని లాగికొనిన క్రియయే మనుమల చేతికి శాసనసభా స్థానమును ఇచ్చినది. ఇట్టి తిరుగుడు కవులకు తోచదు, భాషకే తోచును. ఇక 'షెడ్యూల్డు'. లాటినులో చిన్న కాగితపు ముక్కకు పేరైనది, ఇంగ్లీషున పట్టిక యయ్యెను. పట్టికలో చేర్చుట క్రియ యయ్యెను. క్రియకు తుది చేరి విశేషణమయ్యెను. 1950 రాజ్యాంగమున ఆ విశేషణము కోట్లమంది ప్రజలకు చట్టపు పేరయ్యెను. ఆ పట్టికలో పేరున్నదా లేదా యనుదానిపై చదువు, కొలువు, భూమి ఆధారపడును. గెజిటెడు అనిపించుకొన్నవానికి ఆ 'డు' వలన గౌరవము. షెడ్యూల్డు అనిపించుకొన్నవాడు ఆ 'డు' కొరకు ధ్రువపత్రము పట్టుకొని తిరుగవలెను.

సరిహద్దు దాటినచో ఈ ధ్రువపత్రపు కథ మరింత చిక్కుపడును. బస్తరు పల్లెలనుండి ఏటేట మిరపకాయల కోతకు కూలీలు భద్రాచలము, ఖమ్మము ప్రాంతములకు వచ్చుచున్నారు. 2005 తరువాత సల్వా జుడుము కాలపు హింసకు భయపడి వేలాదిమంది ఊళ్లు విడిచి, ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశపు అడవులలో గుడిసెలు వేసికొనిరి. వారిని ఇచ్చటివారు గుత్తికోయలనిరి. తెగ పట్టికలు రాష్ట్రమును బట్టి యుండును గావున, అచ్చట షెడ్యూల్డయినవాడు ఇచ్చట ఎవరన్న ప్రశ్న పుట్టెను. వారి పిల్లలు తెలుగు బడులలో చదువ మొదలిడిరి. ఇంటిమాట కోయ, బడిమాట తెలుగు. తల్లిదండ్రులు కూలికి పోవుచు 'మిర్చి ఏరుట', 'బస్తాలు ఎత్తుట' అను పనిమాటలను మొదట నేర్చిరి. ఎవరికైనను పరభాషలో ముందు వచ్చునవి చేతిపని క్రియలే. 'ఫార్వర్డు', 'అప్‌లోడు', 'రిజెక్టు' అనునవి వచ్చుటకు చేతితో చూపగల పని ఏదియు లేదు.

చింతూరు ప్రాంతమున మరియొక మాట ప్రతి నోటను వినబడుచున్నది. అది 'ముంపు'. ఇది నామమునుండి క్రియ కాదు, క్రియనుండి నామము. ముంచుట యను క్రియకు కర్త కావలెను. ఎవరు ముంచిరి అని అడుగవచ్చును. ముంపు అన్నచో ఆ ప్రశ్న లేదు. పోలవరము జలాశయపు నీరు వెనుకకు వచ్చు మండలములకు ముంపు మండలములని పేరు పడినది. శబరి వెంట నీరు ఎంతవరకు ఎగదన్నునను విషయమై ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములు ఆక్షేపణ తెలిపియున్నవి. కొంటా ఆ మాటను చెవియొగ్గి వినుచున్న ఊరు.

కర్త మాయమగుటయే ఈ ప్రసంగమున ముఖ్యమైన సంగతి. తెలుగు కచేరీలలోను హిందీ కచేరీలలోను ఇంగ్లీషు మాటతో కూడివచ్చు రెండు సహాయక్రియలలో 'చేయు' కన్న 'అగు'నకే చలామణి ఎక్కువ. ఫైలు మూవయినది. అర్జీ ఫార్వర్డయినది. పేరు డిలీటయినది. పెన్షను స్టాపయినది. ఎండకు ఆకు వాడినట్లు, వేళకు పొద్దు క్రుంకినట్లు ఇవన్నియు తమంతట తామే జరిగినవి! 'చేసినది' అన్నచో ఎవరు అను ప్రశ్న వెంటనే వచ్చును. 'అయినది' అన్నచో అడుగుటకు చోటు లేదు. వెనుకటి గ్రాంథిక కచేరీ భాషలో 'పంపబడెను', 'త్రోసివేయబడెను' అని వ్రాయుచుండిరి. అదియు కర్తను దాచుటకే. కాని 'బడెను'లో ఎవరో ఒకరు చేసిరన్న జాడయైనను మిగిలియుండెను. 'అయినది'లో ఆ జాడయును లేదు.

నామమునకు క్రియ తగిలించుటలో తప్పు లేదు. తెలుగు వేయేండ్లుగా ఆ పని చేయుచునే యున్నది, చక్కగా చేయుచున్నది. 'శాంక్షను' బదులు 'మంజూరు' వ్రాసినంత మాత్రమున అర్జీదారునకు ఒరుగునది లేదు. మంజూరును ఒకనాడు పరదేశపు సరకే. 'అనుమతి ప్రదానము గావింపబడినది' అని సంస్కృతము దట్టించిన మరియును నష్టము. అది వినినవాడు అనుమతి వచ్చినదో, పోయినదో తెలియక దండము పెట్టి పోవును. పేచీ మాటపుట్టుకలో లేదు. వెనుకనున్న రెండక్షరముల సహాయక్రియలో నున్నది. నిఘంటువులు నామములను లెక్కించుచు ఆ రెండక్షరములను చూడకపోవుట సహజమే. అర్జీ పెట్టినవాడు మాత్రము వానినే వినును. కొంటావంటి చోట తెలుగు రాని కోయవానికిని, హిందీ రాని కోయవానికిని ముందుగా పట్టుబడు కచేరీ మాటలు 'కాలేదు', 'నహీ హువా' అనునవే.

అడవి హక్కుల చట్టము 2006లో వచ్చినది. దానిక్రింద గ్రామసభ మొదట అర్జీని చూడవలెను. ఉపవిభాగపు సమితి దానిని పరిశీలింపవలెను. జిల్లా సమితి తుది నిర్ణయము చేయవలెను. త్రోసివేసినచో కారణము తెలుపవలెను, అప్పీలునకు గడువున్నది. అనగా చట్టమున ప్రతి క్రియకును కర్త యున్నాడు. ఆ అర్జీ గుమాస్తా నోటికి వచ్చుసరికి 'క్లెయిము రిజెక్టయినది' అను మూడు మాటలగును. ఏ సమితి త్రోసివేసినదో తెలియనివాడు ఎవరికి అప్పీలు చేసికొనును? గడువు గడచిపోవును. గడువు గడచుటకు మాత్రము నిజముగనే కర్త అక్కరలేదు.

'మీ క్లెయిము రిజెక్టయినది' అని చెప్పుటకు ఒక్క క్షణము చాలును. 'మీ యర్జీని ఫలానా తేదీన ఉపవిభాగపు సమితి త్రోసివేసినది, కారణమిది, అరువది దినములలో జిల్లా సమితికి అర్జీ పెట్టుకొనవచ్చును' అని ఒక చీటీమీద వ్రాసి ఇచ్చుటకు నాలుగు పంక్తులు పట్టును. చదువరాని వానికి చదివి వినిపించుటకు మరి రెండు నిమిషములు.